ఇరవై ఎనిమిదో దెబ్బ

ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు భోజనానికి వచ్చేలోగా ఆమె పంపిన ఎల్పీ రికార్డు వినేయాలి. "ఎలా ఉంది నాన్నా?" అంటే చెప్పడానికి ఒక్క మంచి మాట వెతుక్కోవాలి. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒక హెవీ మెటల్ బృందంలో డ్రమ్స్ కొడుతుంది. ఇది వాళ్ల మొదటి రికార్డు. ఆరేళ్లుగా "ఆ డబ్బాలు మానెయ్యమ్మా" అంటున్న మాస్టారికి అబద్ధమాడటం మాత్రం చేతకాదు.

అట్ట మీద అమ్మాయి రాసింది: "గట్టిగా పెట్టి వినాలి. కనీసం మూడుసార్లు." మాస్టారు శబ్దం చివరిదాకా పెంచి ముల్లు దించారు.

మరుక్షణం ఆయన కుర్చీలో లేరు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. అక్కడికి ఎప్పుడు వెళ్లారో ఆయనకే తెలియదు. గొంతులో గులకరాళ్లు పోసుకున్నట్టు ఎవడో గావుకేకలు పెడుతున్నాడు. వెనక ఇనుప బీరువాలు మెట్ల మీంచి దొర్లుతున్నాయి. వాటిలో తన కూతురు ఏ బీరువాయో పోల్చుకోలేక మాస్టారు చెమటలు తుడుచుకున్నారు.

రెండోసారికి భయం పోయి చిరాకు మిగిలింది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ వేలు దానంతటదే బల్ల మీద లెక్కపెట్టసాగింది. ఏడు. మళ్లీ ఏడు. "ఏడేమిటి, నా తలకాయ!" అనుకున్నారు గానీ వేలు ఆగలేదు.

సరిగ్గా ఆ గది కిందే ఆయన భార్య దంతవైద్యశాల. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ప్లీడరుగారికి అప్పుడే మత్తు సూది పడింది. నడినెత్తిన కేక వినగానే ఆయన మెడలో తువ్వాలుతో సహా వీధిలోకి పరుగెత్తారు. జనం మూగి ఏమైందన్నారు. మొద్దుబారిన నోటితో మాట రాక, ఆయన పైఅంతస్తు చూపించి పిడికిలితో గాల్లో దబదబా గుద్దారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు.

మాస్టారు ముల్లు ఎత్తి తలుపు తీసేసరికి ఎదురుగా కానిస్టేబుల్.

"కొట్టేదెవరు?"

"మా అమ్మాయండీ," అన్నారు మాస్టారు తల వంచుకుని.

కానిస్టేబుల్ నోరు తెరిచాడు. "మీ అమ్మాయా! ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ అంతే. చేతికేది దొరికితే దాంతో కొట్టేది. వద్దంటే వినదు."

"భయపడకండి మాస్టారూ, నేనున్నాగా. బాగా కొడుతుందా?"

"అదే తేల్చుకోలేకపోతున్నానండీ. ఇప్పటికి రెండుసార్లే అయింది. ఇంకోసారి అయితేగానీ చెప్పలేను."

కానిస్టేబుల్ ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంతలో డాక్టరమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "ఏమండీ, మీకేమైనా పిచ్చా? నా పేషెంట్లంతా పారిపోయారు!"

"పాటలు వింటున్నానే!"

"పాటలా?" అన్నాడు కానిస్టేబుల్. "ఏదీ, పెట్టండి."

ముల్లు దిగింది. కానిస్టేబుల్ టోపీ ఎగిరి సోఫా కింద పడింది. ఇది సంగీతమేనని నిరూపించడానికి మాస్టారు పైకే లెక్కపెట్టసాగారు. డ్రమ్ వరస ఏడేసి దెబ్బలకి తిరుగుతోంది, గిటారుది నాలుగేసికి. ఎవరి దారి వారిదే. ఇరవై ఆరు, ఇరవై ఏడు... ఇరవై ఎనిమిదో దెబ్బ దగ్గర రెండూ ఒక్కసారిగా కలిసి పడ్డాయి. మాస్టారి ఒళ్లు ఝల్లుమంది.

"కసాగు!" అని అరిచారు. "ఏడుకీ నాలుగుకీ కసాగు! నా కూతురు కసాగు కొడుతోందే!"

కానిస్టేబుల్ టోపీ వెతుక్కుని, డాక్టరమ్మ వైపు జాలిగా చూసి దిగిపోయాడు.

మధ్యాహ్నం అమ్మాయి కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అంది: "నాన్నా, నువ్వన్నదే నిజం. ఆ రికార్డు ఎవరికీ అర్థం కాలేదు. డ్రమ్స్ మానేస్తున్నా."

తల్లి "హమ్మయ్య" అనేలోగా మాస్టారి చేతిలో ముద్ద జారిపోయింది.

"మానేస్తావా? వీల్లేదు! ఇరవై ఎనిమిదో దెబ్బ దగ్గర ఏం కలిపావమ్మా! రెండోవైపు ఇంకా విననేలేదు!"

అమ్మాయి నిర్ఘాంతపోయింది. ఆ సంగతి ఇంతవరకూ పట్టుకున్నవాడు లేడు. కళ్లు తుడుచుకుంటూ "నిజంగా విన్నావా?" అంది.

మాస్టారు కాగితం, పెన్సిలు తెచ్చుకుని సాయంత్రం దాకా వివరించారు.

అమ్మాయి డ్రమ్స్ మానలేదు. తండ్రి దగ్గర సంగీతం ఊసెత్తడం మాత్రం పూర్తిగా మానేసింది.