గొంతులో ఫ్యాన్

2007 వేసవిలో ఒక ఉదయం సదానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య అనసూర్య కూరగాయలకు పోగానే బాత్రూములో తలుపేసుకుని కాసేపు పాడుకోవాలి.

పాటంటే మాటలున్న పాట కాదు. గోదావరిఖనిలో ఆయన ఉద్యోగమంతా బొగ్గుబాయిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాన్ దగ్గరే గడిచింది. ఆ హోరు వింటేనే కాలనీలో పసిపిల్లలు నిద్రపోయేవారు. బాయి మూతపడి ఫ్యాన్ ఆగిన రోజు, ఆ నిశ్శబ్దానికి పెద్దలు కూడా ఉలిక్కిపడి లేచారు. అప్పటి నుంచి సదానందానికి కంటి మీద కునుకు లేదు. ఈ మధ్య టీవీలో ఒక మంగోలియా గాయకుడు ఒక్క గొంతుతోనే రెండు స్వరాలు పలికించాడు. కింద బొంగురు హోరు, పైన సన్నని ఈల. అచ్చం తన ఫ్యానే! సదానందానికి ప్రాణం లేచొచ్చింది.

చాటుమాటుగా చేసిన సాధన ఆవేళ ఫలించింది. గొంతు బిగించి, నాలుక మడిచి "ఊ..." అనగానే పైన ఈల పుట్టింది. బాత్రూము దాన్ని పదింతలు చేసింది. ఆయన మనసు దూదిలా తేలికై, బయట లోకముందన్న సంగతే మరిచిపోయాడు.

పక్క క్వార్టర్‌లో బట్టలారేస్తున్న లింగవ్వ మాత్రం చెవులు రిక్కించింది.

"ఓ గట్టన్నా! ఫ్యాన్ తిరుగుతాంది, ఇనవడ్తలేదా?"

"అవునే! అంటే బాయి తెరుస్తున్నరన్నట్టే!" అంటూ, సదానందంతో పాటే రిటైరైన గట్టయ్య బాయి టోపీ కోసం ఇంట్లోకి ఉరికాడు.

"మందమర్రికి బదిలీ చేసిన నా కొడుకు ఇగ వాపసొస్తడు!" అని లింగవ్వ వీధంతా చాటింది. వీధి చివరికి చేరేసరికి ఆ మాట "ఇయ్యాల్టి నుంచే డ్యూటీలు" అయింది. బజారులో అది విన్న అనసూర్య కూరగాయలు మాని మిఠాయి కొన్నది.

జనం ఫ్యాన్ హౌస్‌కు పోతే తాళం తుప్పు పట్టి వేలాడుతోంది. హోరు మాత్రం వెనక క్వార్టర్ల వైపు నుంచి వస్తోంది. దాన్ని పట్టుకుని అందరూ సదానందం బాత్రూము ముందుకొచ్చి ఆగారు. అప్పుడే వచ్చిన అనసూర్య తలుపు బాదింది.

"ఏమయ్యా, లోపట నీతోని ఇంకెవలున్నరు?"

సదానందం తువ్వాలుతో బయటికొచ్చాడు. "ఎవలు లేరే. రెండు గొంతులూ నాయే."

ఎవరూ నవ్వలేదు. లింగవ్వ మెట్టు మీద కూలబడింది. ఆమె మొహం చూసి సదానందానికి తల కొట్టేసినట్టయింది.

"తప్పైంది అక్కా. ఆ సప్పుడు లేక నిద్ర పడ్తలేదు. అందుకే..."

గట్టయ్య టోపీ తీశాడు. "నీ ఒక్కనికే అనుకున్నవా బావా? ఏదీ, ఆ రాగం మళ్లొకసారి తియ్యి."

సదానందం సిగ్గుపడుతూనే తీశాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. లింగవ్వ కళ్లు తుడుచుకుని గోడకు ఒరిగింది. కాసేపటికి గట్టయ్య గురక మొదలైంది. మిఠాయి పొట్లం ఒళ్లో పెట్టుకుని అనసూర్య కూడా కునుకు తీసింది. వాళ్లను చూస్తుంటే సదానందానికి పాతరోజులు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్క క్షణం రాగం ఆపాడు. అందరూ ఉలిక్కిపడి లేచారు.

ఇప్పుడు కాలనీ అంతా హాయిగా నిద్రపోతోంది. రిటైరైన సదానందానికి మాత్రం మళ్లీ నైట్ షిఫ్టు పడింది.