పదమూడు బోల్టుల గేర్‌బాక్స్

నవంబరు రెండో శనివారం పొద్దున్న డెల్బర్ట్ కోషక్ వేసుకున్న పథకం చిన్నదే. గరాజులో పాత దుప్పటి కింద పడున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఏ కారుదో తేల్చాలి. ధర కనుక్కుని అమ్మాలి. ఆ డబ్బుతో ఇల్లు వెచ్చబెట్టే కొత్త ఫర్నేస్ కొనాలి. నేలమాళిగలో ఉన్న పాతది చల్లబడి తొమ్మిది రోజులైంది. అతని భార్య రోండా వంటింట్లో కోటు తొడుక్కుని గుడ్లు వేయిస్తోంది.

"రేపు సాయంత్రానికి ఇల్లు వెచ్చబడకపోతే టొలీడోలో మా అక్క దగ్గరికి పోతా," అంది పెనం మీంచి చూపు తిప్పకుండా. "మళ్లీ వస్తాననుకోకు."

"ఆ గేర్‌బాక్స్ ఒక్కటి చాలు, చూస్తుండు."

"ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉన్నా. ముందు దాన్ని నా గరాజులోంచి కదుపు."

ఫర్నేస్ పోయిన సంగతి అతను వీధిలో ఎవరికీ చెప్పలేదు. కొత్తది అమ్మడానికొచ్చినవాడు "దీని పని అయిపోయిందండీ" అంటే తలూపి ఊరుకున్నాడు. ఫ్లింట్‌లో కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక మగవాడు ఏదైనా ఒప్పుకుంటాడు గాని, తన ఇల్లు చల్లగా ఉందని మాత్రం ఒప్పుకోడు.

ఆ వీధికి ఒక మర్యాద ఉంది. గరాజు తలుపు లేచి ఉంటే ఎవరైనా పిలవకుండా రావచ్చు, లోపల ఏది కనపడితే దాని మీద తీర్పు చెప్పొచ్చు. ఇంటి తలుపు మాత్రం తట్టకూడదు, ఇంటి సంగతి అడగకూడదు. డెల్బర్ట్ తలుపు లేపిన ఐదు నిమిషాలకే పక్కింటి వెర్లిన్ టేట్ కాఫీ కప్పుతో వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఊరందరి ఫర్నేసులూ బాగుచేసేది అతనే. చావింటికి వచ్చినవాడిలా టోపీ తీసి, గొంతుక్కూర్చుని, గేర్‌బాక్స్ అడుగున నూనె పళ్లెం చుట్టూ ఉన్న బోల్టుల్ని వేలితో లెక్కపెట్టాడు.

"పదమూడు. డెబ్భైల నాటి పెద్ద ఇంజను కార్లకి వేసే రకం. మంచిదే గాని ఊళ్లో చాలా ఉన్నాయి. మూడు వందల డాలర్లొస్తే కళ్లకద్దుకుని ఇచ్చెయ్."

ఇంతలో రోండా తమ్ముడు కర్టిస్ దిగాడు. వయసు నలభై ఆరు, దేనికీ కొరగాడు, అన్నీ తెలుసు. జిడ్డు మీద ఫోన్ వెలుగు వేసి, లీలగా కనపడే అంకెలు చదివాడు.

"మూడు వందలా? బావా, నంబరుంది ఇక్కడ! చివర ఎనిమిది!"

అలాంటి కార్ల నంబరునే గేర్‌బాక్స్ మీద కూడా అచ్చు కొడతారు. రెండూ కలిస్తే కారు ధర ఎక్కడికో పోతుంది. కర్టిస్ ఆ నంబరును ఫోన్‌లో పాత కార్ల పిచ్చివాళ్ల గుంపులో పెట్టాడు. పది నిమిషాల్లో ప్రూసాక్ అనే పెద్దాయన ఫోన్ చేశాడు. తన కారు నంబరు అదేనట. పదకొండేళ్లుగా ఆ గేర్‌బాక్స్ కోసమే వెతుకుతున్నాడట. నాలుగు వేలిస్తా, రెండింటికి వస్తానన్నాడు.

పదకొండింటికల్లా గరాజులో ఆరుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వచ్చే పెద్దమనిషికి ఏదైనా పెట్టాలి కదా అని డెల్బర్ట్ డోనట్లు తేవడానికి వెళ్లాడు.

అతను వెళ్లగానే కర్టిస్ చొక్కా చేతులు మడిచాడు. "నాలుగు వేలిచ్చేవాడికి దీన్ని ఇలాగే చూపిస్తామా? పెళ్లికూతురికి స్నానం చేయించరా?" పెంకులా ఎండిన జిడ్డును కత్తితో పెకలించాడు. ఒక ముక్క ఎగిరి, అటుగా వెళ్తున్న రోండా చేతిలోని ఉతికిన బట్టల బుట్టలో పడింది. ఆమె తమ్ముణ్ణి నానా మాటలూ అని, మొగుడికి చూపించాలని ఆ ముక్కను పళ్లెంలో పెట్టుకు పోయింది. కర్టిస్ లోహం అరగదీసే గ్రైండరు అందుకున్నాడు. తర్వాత వెండిరంగు పూశాడు.

డెల్బర్ట్ వచ్చేసరికి గేర్‌బాక్స్ అద్దంలా మెరుస్తోంది. అందరూ డోనట్లు అందుకున్నారు.

"బాగుంది," అన్నాడు వెర్లిన్. "నంబరేది?"

డోనట్లు నమలడం ఆగిపోయింది.

"కంగారెందుకు బావా, అంకెల అచ్చులు నా బండిలోనే ఉన్నాయి," అన్నాడు కర్టిస్. సుత్తితో ఒక్కో అంకెనూ మళ్లీ కొట్టాడు. డెల్బర్ట్ వద్దనలేదు. అతని చెవుల్లో టొలీడో బస్సు మోగుతోంది.

ప్రూసాక్ సరిగ్గా రెండింటికి వచ్చాడు. నంబరు మీద బొటనవేలు పెట్టి తీశాడు. వేలికి వెండిరంగు అంటింది.

"ఈ నంబరు వయసెంత నాయనా? గంటైనా ఉంటుందా?"

కర్టిస్ సుత్తిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నంబరు గీకి కొత్తది కొట్టేది దొంగలు. షెరీఫ్‌ను పిలవనా?"

"మేం దొంగలం కాదు, వెధవాయిలం," అంటూ రోండా వచ్చింది. ఒక చేతిలో జిడ్డు ముక్క, రెండో చేతిలో అరచేతంత అద్దం. ఎండిన జిడ్డు నంబరును అచ్చుతీసినట్టు పట్టుకుని ఉంది, తిరగేసి. అద్దంలో అందరూ ఒకరి భుజం మీంచి ఒకరు చదివారు. చివర మూడు. ఎనిమిది కాదు.

ప్రూసాక్ చాలాసేపు చూశాడు. "ఇది నాది కాదు. ఎప్పుడూ కాదు." పదకొండేళ్ల ఆశను మడిచినట్టు కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక డోనట్ తీసుకుని వెళ్లిపోయాడు.

"పోనీ, మూడు వందలన్నావుగా," అన్నాడు డెల్బర్ట్ నెమ్మదిగా వెర్లిన్‌తో.

"అది నంబరున్నప్పుడు. దొంగ నంబరున్న సరుకును ఎవడు ముట్టుకుంటాడు?"

అప్పుడు రోండా వీధి మర్యాద తప్పింది. "వెర్లిన్, మా ఫర్నేస్ వెలిగి తొమ్మిది రోజులైంది. చూసిపెడతావా?"

మగవాళ్లందరూ ఆమె బట్టలు విప్పినట్టు తలలు దించుకున్నారు.

"తొమ్మిది రోజులా! గోడవతలే కదమ్మా ఉంటా! వీడు చెప్పడేం?"

"నువ్వు అడిగావా?" అన్నాడు డెల్బర్ట్.

"గరాజులో ఉన్నదాని గురించి అడుగుతాం గాని, నేలమాళిగలో ఉన్నదాని గురించి ఎలా అడుగుతారురా?"

అతను కిందికి వెళ్లిన పది నిమిషాలకు నేలకున్న గాలి జాలీల్లోంచి వెచ్చదనం లేచింది. వెర్లిన్ చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు. "మంట ఉందో లేదో కనిపెట్టే పుల్ల ఒకటుంటుంది. దానికి మసి పట్టింది. గరుకు కాగితంతో రుద్దాను, అంతే. పొద్దుట్నుంచీ ఇంతమంది ఇన్ని రుద్దారు, అదొక్కటీ తప్ప."

"ఎంతివ్వాలి?" అంది రోండా, కోటు విప్పుతూ.

"పక్కింటివాళ్ల దగ్గర తీసుకుంటానా?"

"అయితే గరాజులోది పట్టుకుపో."

డెల్బర్ట్ నోరు తెరిచాడు. వెచ్చటి గాలి పాదాలకు తగిలింది. మూసేశాడు.

వెర్లిన్ గేర్‌బాక్స్‌ను తోపుడు బండిలో ఇంటికి చేర్చుకున్నాడు. తర్వాత తిరిగొచ్చి జిడ్డు ముక్క కూడా అడిగి తీసుకెళ్లాడు, అసలు నంబరు దాని మీదే ఉంది గనక.