ఒత్తితే తగ్గే పీట

ఆ ఆదివారం పొద్దున విమలమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఏడింటికల్లా సొరకాయ తరిగి పొయ్యి మీద వేయాలి, ఎనిమిదింటికి చీర మార్చుకోవాలి, తొమ్మిదింటికి మొయినాబాదు చర్చిలో ఆడవాళ్ళ వైపు, నడిచే దారి అంచున, తన చోట తాను కూర్చోవాలి. సొరకాయ ఉంది. పొయ్యి ఉంది. కత్తిపీట దగ్గరికి వచ్చేసరికి కత్తి మాత్రం కిటికీలో ఒంటరిగా ఉంది. పీట లేదు.

విమలమ్మకు కోపం వస్తే గొంతు లేవదు, దిగుతుంది. చిల్లర కోపాలు పక్కింటికి వినబడవు. అసలు కోపం వచ్చిందంటే ఎదురుగా ఉన్న మనిషికి కూడా వినబడదు, పెదవులు చూసి గ్రహించుకోవాలి. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె భర్త ప్రేమదాసు ఈ విద్యలో ఆరితేరాడు.

ఆమె వరండాలోకి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గిటారు. కాలి కింద పీట.

"ఏంది గది?" విమలమ్మ పెదవులు కదిలాయి.

"వాల్యూం పెడలు. కాలుతోని గిటారు సప్పుడు సర్దేది."

"నేను అడుగుతున్నది నా కత్తిపీట గురించి."

"గదే ఇది. కత్తి భద్రంగ కిటికీల పెట్టిన. నిన్న పొద్దుగాలనే తీసిన. నువ్వు నిన్నంత పప్పు జేసినవ్ గద, నీకు ఎరుక కాలె." ఆయన పీటను కాలితో ప్రేమగా నిమిరాడు. "కట్టె మంచిది. కాలు కింద ఉండుడు దానికి అలవాటే గద."

ఈ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆయనకు సగం మాటలోనే తోచింది కానీ, మిగతా సగం అప్పటికే బయటికి వచ్చేసింది.

ప్రేమదాసు చేవెళ్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా. అది అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మె కట్టి మూడు వారాలైంది. బడులు బందు, ఆఫీసులు బందు, బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు బందు. ఆఫీసు నడిచే రోజుల్లో కూడా ఆయన పని వచ్చిన ఉత్తరం మీద ముద్ర కొట్టి పక్క బల్లకు పంపడమే. ఇరవై ఏళ్ళుగా ఆయన నోటి మాట కోసం ఎవరూ ఆగింది లేదు. అయితే రెండేళ్ళ కింద లాలాగూడలో ఒక రైల్వే గార్డు దగ్గర ఈ గిటారు కొన్నాడు. మామూలు గిటారులా చంకన పెట్టుకునేది కాదు. తొడల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించాలి. పాత రేడియోతో చేసిన పెట్టెలోంచి శబ్దం వస్తుంది. కడ్డీ జారితే స్వరం కూడా ఏడుస్తున్నట్టూ నవ్వుతున్నట్టూ జారుతుంది. మొదటిసారి చర్చిలో వాయించినప్పుడు జనం తలలు తిప్పి ఆయన వైపు చూశారు. ప్రేమదాసు ఆ చూపులు మరచిపోలేదు. పెట్టె గొంతు తగ్గించడం మాత్రం మరచిపోయాడు.

పోయిన ఆదివారం సంగతి ముదిరింది. నలభై ఏళ్ళుగా ఆడవాళ్ళ పాటలకు ముందు గొంతు అయిన బీరమ్మ, పాట మధ్యలో ఆపేసింది. "నా పాట నాకే ఇనబడ్తలేదు. దేవునికి ఏమినబడుతది?" అంది. చర్చి పెద్ద మారయ్య లేచి తీర్పు చెప్పాడు. "వచ్చే ఆయితారం గూడ ఆడోళ్ళ పాట మునిగిందంటె, గా గిటారు మల్ల గడప లోపటికి రావద్దు."

అందుకే ప్రేమదాసు శనివారం పీటను సంచిలో వేసుకుని చేవెళ్ల దాకా సైకిలు తొక్కాడు. అక్కడ రేడియోలు బాగుచేసే ఎల్లేశ్ ఉన్నాడు.

"పట్నంల వాయించెటోళ్ళ పెడలు హార్మోనియం పెట్టంత ఉంటదన్న," అన్నాడు ఎల్లేశ్. "బస్సులు లెవ్వు, నువ్వు సైకిల్ మీద ఎట్ల తీస్కపోతవ్. నీకు చిన్నది జేస్త." సాయంత్రానికి పీట కింద రేడియో శబ్దం పెంచి తగ్గించే బిళ్ళ, దారం, స్ప్రింగు అమరాయి. "పెద్ద దాంట్ల రెండు స్ప్రింగులుంటయ్. దీంట్ల ఒక్కటే పట్టింది. ఒత్తితె సప్పుడు తగ్గుతది, ఇడిస్తె ఫుల్."

"అంటె ఎప్పుడు ఒత్తే ఉండాల్నా?"

"కాలు నీదే గదన్న. ఫికరెందుకు?" పీటను పెట్టెకు కలిపే తీగ మాత్రం కత్తిరిస్తే మళ్ళీ అతకడం కష్టమని, ఉన్న పది గజాలూ అలాగే ఇచ్చేశాడు.

ఇదంతా విన్న విమలమ్మ లోపలికి తిరిగింది. సొరకాయను తీసుకెళ్ళి గడప మీద రెండు దెబ్బలు కొట్టి పగలగొట్టింది.

"రేపు వడ్లాయన కాడ కొత్త పీట చేపిస్త, విమలా," అన్నాడు ప్రేమదాసు.

మూడో దెబ్బ కూడా పడింది.

చర్చి దాకా ఆమె నాలుగడుగులు ముందు నడిచింది. వెనక ప్రేమదాసు గిటారు, పెట్టె, పీట, పది గజాల తీగ మోసుకుంటూ ఒకే ఒక సంగతి తలుచుకుంటూ నడిచాడు. ఈ ఒక్క పూట గడిస్తే చాలు. ఆఫీసు తెరిచినా తెరవకపోయినా, ఆదివారమంటూ ఒకటి మిగులుతుంది.

ఆయన తలుచుకోని సంగతి ఒకటుంది. ఇంట్లో సాధన అంతా కుర్చీలో చేశాడు. చర్చిలో కుర్చీ ఒక్కటే, పాస్టరు సాముయేలుది. మిగతా సంఘమంతా కింద చాపల మీద, దారికి ఒక పక్క మగవాళ్ళు, ఇంకో పక్క ఆడవాళ్ళు. బాసిపట్లు వేసుకుని కూర్చుంటే ఒళ్ళో గిటారు బాగానే కుదిరింది. కాళ్ళు రెండూ గిటారు కింద మడతపడి ఉన్నాయి. పీట ఎదురుగా, ఎవరి కాలూ లేకుండా కూర్చుంది.

"మారయ్య బాపు, జర ఒక కుర్సీ దొరుకుతదా?" అన్నాడు మెల్లగా.

మారయ్య మొహం చిట్లించాడు. ఆ ఏడు కుర్చీ అడిగినవాళ్ళను ఎవరూ నమ్మేవారు కాదు. "నువ్వు కుర్సీల కూసుంటె మేము ముసలోళ్ళం నీ కాళ్ళకాడ కూసుండాల్నా?"

ప్రేమదాసు ఒక కాలు ముందుకు చాపి పీట మీద పెట్టాడు.

"దేవుని దిక్కు కాళ్ళు సాపుతవా?"

పక్కకు తిరిగి చాపాడు. ఆడవాళ్ళ వైపు నుంచి బీరమ్మ గొంతు వచ్చింది. "ఇగ మా దిక్కు సాపు. పెద్ద మనిషివైనవ్."

కాలు వెనక్కి వచ్చింది. పాస్టరు మొదటి పాట చెప్పాడు. ప్రేమదాసు ఒక మోకాలు పీట మీదికి వంచి, ఒళ్ళంతా ఒకవైపు ఒరిగి వాయించడం మొదలుపెట్టాడు. మొదటి చరణం సగం దాకా మోకాలు నిలిచింది. తర్వాత జారింది. వదిలితే ఫుల్ అని ఎల్లేశ్ అబద్ధం చెప్పలేదు. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. పక్కూరు హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన పెంటమ్మ చెవులు మూసుకుంది. బీరమ్మ నోరు కదులుతూనే ఉంది కానీ, ఏం పాడుతోందో పక్కనున్న విమలమ్మకు కూడా తెలియలేదు.

పాట అయ్యాక మారయ్య ఒక వేలు ఎత్తి చూపాడు. ఇంకొక్కసారే అని ఆ వేలికి అర్థం.

ప్రేమదాసు చుట్టూ చూశాడు. తనకు కాలు లేదు. ఎవరిదో ఒక కాలో చెయ్యో కావాలి. పక్కనున్న మగవాళ్ళు ఒక్కొక్కరూ మొహం తిప్పుకున్నారు. దారి అవతల, చాప అంచున, ఆయన భార్య ఉంది. తీగ పది గజాలుంది. పీటను మెల్లగా దారి మీదుగా అవతలికి జరిపాడు.

"విమలా. జర ఒత్తి పట్టు. నేను కనుబొమ్మలెగరేస్తె కొద్దిగ ఇడువు."

విమలమ్మ తన కత్తిపీట వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. అరచేయి పీట మీద ఆనించి ఒత్తింది. సొరకాయ మీద వేయాల్సిన బరువంతా వేసింది.

రెండో పాట మొదలైంది. ప్రేమదాసు తీగలు మీటాడు. ఏమీ వినబడలేదు. కనుబొమ్మలు ఎగరేశాడు. విమలమ్మ పాస్టరు వైపు చూస్తోంది. ఇంకోసారి ఎగరేశాడు. దగ్గాడు. కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కి అక్కడే ఉండిపోయాయి. ఆయన చేతులు జారుతున్నాయి, వేళ్ళు మీటుతున్నాయి, తల ఊగుతోంది, చినుకంత చప్పుడు లేదు. మనిషికి పిచ్చెక్కిందేమోనని ముందు వరసలో ఒకాయన కొంచెం జరిగి కూర్చున్నాడు. మారయ్య మాత్రం మెచ్చుకోలుగా తల ఆడించాడు. ప్రేమదాసు వాయించడం నేర్చుకున్నాడని ఆయనకు ఇన్నాళ్ళకు నమ్మకం కుదిరింది.

చరణం చివరికి వచ్చింది. ఆడవాళ్ళంతా ఊపిరి పీల్చుకునే చోటు. విమలమ్మ కొంగు భుజం మీద నుంచి జారింది. సర్దుకోవడానికి చెయ్యి ఎత్తింది. ఆ ఒక్క క్షణంలో గిటారు గొంతు చర్చి అంతా నిండింది. కడ్డీ పైనుంచి కిందికి జారింది, ఎవరో మెట్లు దిగి వస్తున్నట్టు. కొంగు సర్దుకోవడం అయ్యింది, చెయ్యి పీట మీదికి వచ్చింది, గిటారు అణిగింది, ఆడవాళ్ళు రెండో చరణం ఎత్తుకున్నారు. ఏ పాటైనా మధ్యలో దగ్గే బీరమ్మ, ఈసారి చివరిదాకా దగ్గకుండా పాడింది. పెంటమ్మ ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది.

ప్రేమదాసు ఇదేదీ గమనించలేదు. ఇరవై ఏళ్ళ ఆఫీసులో రాని కోపం ఆయనకు ఇప్పుడు వచ్చింది. పాట అయ్యాక దారి అవతలికి వంగి, "కావాలని చేస్తున్నవ్," అన్నాడు.

విమలమ్మ పెదవులు కదిలాయి. ఆయన చదివాడు. ఒక్క మాటే. "అవును."

మారయ్య ప్రార్థనకు లేచాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు, అందరూ చేతులు జోడించారు. విమలమ్మ భక్తురాలు, ఆమె కూడా జోడించింది. పీట పైకి లేచింది. ప్రేమదాసు కూడా భక్తుడే. ఉక్కు కడ్డీని తీగల మీదే ఉంచి చేతులు జోడించాడు.

"ప్రభువా," అన్నాడు మారయ్య, "వానలు దయచేయుము. పట్నములో జైళ్ళలో ఉన్న పిల్లలను కాపాడుము. నీ దాసుల మొర విని జవాబు దయచేయుము."

ప్రేమదాసు మోకాలు కొంచెం వాలింది. కడ్డీ తీగల మీద మెల్లగా జారడం మొదలుపెట్టింది.

"ఊఁ... ఊఁ... ఊఁ..." అని పైకప్పు అదిరింది.

మారయ్య ఆగాడు. యాభై ఏళ్ళుగా జవాబు అడుగుతున్న మనిషి, వస్తుందని అనుకోలేదు. పెంటమ్మ కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అంది. కడ్డీ తీగల చివరికి చేరి, కింద పడి, ఇంకొక కేక పెట్టించింది.

మారయ్య కళ్ళు తెరిచాడు. "ప్రేమదాస్."

"నేను కాదు బాపు. గా పీట నా దగ్గర లేదు. విమల దగ్గరుంది."

సంఘమంతా దారి అంచుకు తిరిగింది. విమలమ్మ జోడించిన చేతులు విప్పి, చాలా మెల్లగా, అయినా ఈసారి అందరికీ వినబడేలా అంది. "ప్రార్థన చేస్తున్న. చేతులు రెండే ఉన్నయి."

"గిదంత నాకు చెప్పకుండ్రి," అన్నాడు మారయ్య. "గిటారు బయటికి పోవాలె. ఇప్పుడే."

ప్రేమదాసు గిటారును ఒళ్ళోంచి దించాడు. కడ్డీ తీసి జేబులో వేసుకున్నాడు. పెట్టె వైరు పీకడానికి లేవబోయి, మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు. ఆయన మొహం చూసి విమలమ్మ చూపు తిప్పుకుంది.

"ఆగు," అంది బీరమ్మ. పీట దగ్గరికి జరిగి, దాన్ని ఒకసారి ఒత్తి, ఒకసారి వదిలి చూసింది. "అంటె గాయన సప్పుడంత మన చేతుల ఉన్నదా?"

"ఉన్నది అవ్వ," అంది విమలమ్మ.

"ఇందాక మేము ఊపిరి తీస్కునేటప్పుడు ఇడిసింది నువ్వేనా?"

"కొంగు జారితె ఇడిసిన."

బీరమ్మ మారయ్య వైపు తిరిగింది. "గిటారు పోవద్దు."

"పోయిన ఆయితారం తీసెయ్యమన్నది నువ్వే గద, బీరమ్మక్క."

"అప్పుడు సప్పుడు ఆయన చేతుల ఉండె. నలభై ఏండ్ల సంది పాడుతున్న. నడుమ ఊపిరి తీస్కునే జాగ మీ మగోళ్ళు ఎవరన్న ఇచ్చిండ్రా? ఇయ్యాల దొరికింది."

"నేను చెప్పింది చెప్పిందే."

"అయితె మా పాట బందు."

"ఏంది?"

"ఆఫీసులు బందు, బడులు బందు, బస్సులు బందు. మేమొక్కళ్ళమే ఏం పాపం జేసినం. బందు."

పాస్టరు సాముయేలు తగాదాకు దూరంగా ఉండే మనిషి. పుస్తకం తిప్పి చివరి పాట చెప్పాడు. ఆడవాళ్ళ వైపు ముప్పై మంది నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. మారయ్య పంతానికి తానే ఎత్తుకున్నాడు. మగవాళ్ళు ముక్కులో కొంచెం సాయం చేశారు. పల్లవి రెండో పాదం ఎవరికీ రాదని అప్పుడు తెలిసింది. మారయ్య మొదటి పాదమే మూడుసార్లు పాడి, గొంతు సర్దుకుని కూర్చున్నాడు.

మూడు వారాలుగా సమ్మెలో ఉన్న ప్రేమదాసు, సమ్మె అంటే ఇంత తొందరగా తేలిపోతుందని ఎరగడు.

"సరే," అన్నాడు మారయ్య. "గిటారు ఉండనీ. పీట మాత్రం ఆడోళ్ళ దిక్కే ఉండాలె."

"మరి వాయించేటోణ్ణి నేను," అన్నాడు ప్రేమదాసు. "నన్ను ఎవరన్న అడిగిండ్రా?"

"నువ్వు ఊకో," అన్నారు మారయ్య, బీరమ్మ ఒక్కసారే. ఆ పొద్దు వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

చివరి పాట మళ్ళీ మొదలైంది. ప్రేమదాసు కోపంతోనే వాయించాడు. చరణం చివర ఊపిరి చోటు రాగానే విమలమ్మ చెయ్యి ఎత్తింది. ఈసారి కొంగు జారలేదు. గిటారు ఒక్కటే నాలుగు మెట్లు దిగింది, ముప్పై మంది ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుంటూ విన్నారు, మగవాళ్ళు తలలు తిప్పి చూశారు. ప్రేమదాసు తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఆమె చెయ్యి ఇంకొక్క క్షణం గాలిలో ఆగి, తర్వాత గట్టిగా దిగింది.

అప్పటి నుంచి ప్రేమదాసు అంత బాగా గిటారు వాయించేవాడు చేవెళ్ల దాకా లేడని పేరు పడింది. అయితే ఆదివారానికి ఒక నిమిషానికి మించి ఎవరూ వినలేదు.