పచ్చతోడు వారి పసుపు గుర్తు

ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడలో బయల్దేరిన ‘పచ్చతోడు’ సంస్థ వాళ్లు ఆ రోజు చేయాల్సింది పెద్ద పనేం కాదు. సాగర్ దాటాక అభయారణ్యం గేటు దగ్గర ప్లాస్టిక్ ఏరి, మూటలు ఒకచోట చేర్చాలి. నాలుగింటికి రేంజర్ స్వప్న వచ్చేసరికి ఒక్క కవరు కూడా కనబడకూడదు. కనబడితే వచ్చే ఏడాది అడవిలో పనిచేయడానికి సంస్థకు అనుమతి ఉండదు. పోయినసారి ఆమె ఒక చిప్స్ కవరును రెండు వేళ్లతో ఎత్తి, సంస్థ పెద్ద జవహర్ సారు చేతికి బహుమతిలా అందించారు.

మూటలు చేర్చే చోటుకు గుర్తు కావాలి. అడవిలో పెయింటు వాడకూడదు కాబట్టి సంస్థలో పనిచేసే గోపిక ఇంటి నుంచి పసుపు తెచ్చింది. నీళ్లలో కలిపి దారి పక్కన నడుమెత్తు రాయికి పూసింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పసుపు పూసి బొట్టు పెట్టకుండా వదిలేయడం ఆ చేతులకు అలవాటు లేదు. గడపకూ, కొత్త మిక్సీకీ పెట్టినట్టే దీనికీ కుంకుమ పెట్టింది.

గంట తర్వాత మూటలతో తిరిగొచ్చేసరికి రాయి ముందు మూడు కొబ్బరికాయలు పగిలి ఉన్నాయి. హాలియా నుంచి సాగర్ చూడటానికొచ్చిన ఉప్పలమ్మ దండం పెడుతోంది. ఆమె వెనక రెండు ఆటోల జనం.

"అవ్వా, ఇది దేవత గాదు. చెత్త మూటలకు పెట్టుకున్న గుర్తు," అన్నారు జవహర్.

"మరి బొట్టెవరు పెట్టిన్రు?"

"మేమే."

"పెట్టి గాదంటవా సారూ! కండ్లు పోతయ్."

ఇంతలో కోదాడ బస్సొకటి ఆగింది. "అమ్మవారి పేరేంటండీ?" అని దిగినాయన అడిగాడు. పక్కన మూటలు చూసి ఎవరో "మూటలమ్మ" అన్నారు. పన్నెండింటికి మూటలమ్మ ముందు వరస కట్టారు. ప్రతి కొబ్బరికాయా ఒక కవరులో వచ్చింది. కాయ అమ్మవారికి, కవరు అడవికి. పొద్దుటికంటే చెత్త రెండింతలైంది.

"గోపికమ్మా, బొట్టు నీదే, పరేషానూ నీదే. ఏదన్న జెయ్," అన్నారు జవహర్.

గోపిక కొంగు నడుముకు దోపి రాయి పక్కన నిలబడింది. "మూటలమ్మకు ప్లాస్టిక్ పడది! ఎవరి కవరు వాళ్లు మూటల ఎయ్యకుంటే మొక్కు చెల్లది!"

కోదాడాయన బస్సెక్కబోయినవాడు వెనక్కొచ్చి ఒక సీసా ఏరాడు. "నాది కాదండీ. అయినా మనకెందుకొచ్చిన గొడవ!"

మూడున్నరకల్లా నేల తుడిచినట్టయింది. నాలుగింటికి స్వప్న వచ్చారు, చెట్ల కింద వంగి వంగి వెతికారు, మొదటిసారి నవ్వారు. పెన్ను తీశారు. అప్పుడు రాయి కనబడింది.

"అడవిల కొత్త గుడి పెట్టిన్రా? ముందు అది కడుగున్రి. అప్పుడే సంతకం."

గోపిక గబగబా బిందె తెచ్చి రాయి మీద పోసింది. పసుపు ధారగా కారింది.

"అభిషేకం మొదలైంది!" అని ఉప్పలమ్మ కేకేసింది. జనమంతా దోసిళ్లతో ఎగబడ్డారు. ఆ తోపులాటలో అందరికంటే ముందుకొచ్చిపడింది రేంజరే.

"పట్టు బిడ్డా," అంటూ ఉప్పలమ్మ ఆమె అరచేతిలో నీళ్లు వంచింది.

స్వప్న చేతిని చూసుకున్నారు. జనాన్ని చూశారు. మెల్లగా టోపీ తీశారు.

అనుమతి పత్రం ఇప్పుడు సంస్థ గోడకు వేలాడుతోంది. సంతకం పక్కన పసుపు వేలిముద్ర కూడా ఉంది.