బంగారు రంగు చప్పుడు

ఒక పెద్ద అడవిలో, ఆ నరసింహస్వామి చల్లని చూపు వల్ల, ఎవరికీ తిండికి లోటు లేదు. లోటల్లా నిద్రకే. అదీ సింహరాజుగారి నిద్రకు.

మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి ఆయన ఇలా కన్ను మూసేవాడో లేదో, ఒక భయంకరమైన చప్పుడు. ఉలిక్కిపడి లేచేవాడు. అది ఆయన గురకేనని అడవంతా ఎరుగును. చెప్పే మొనగాడు ఏడీ? అందరూ కలిసి నేరం తీతువు పిట్ట మీద తోశారు. పాపం, దాని గొంతు కాస్త కీచులెండి.

అడవి విడిచి పొమ్మని దానికి రాజాజ్ఞ అయింది. రాజుగారి గుహ ముందు గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని పొదుగుతోందది. గుడ్లు నెత్తిన పెట్టుకుని వలసపోయే పిట్టను మీరెక్కడైనా చూశారా నాయనా?

వెళ్లి నక్క మంత్రి కాళ్ల మీద పడింది. పిల్లలు బయటపడేదాకా ఆగమని రాజుగారితో చెప్పమంది. నక్కకు జాలి కలగలేదు గానీ, రాజుగారి నిద్రకని కొత్త శాఖ పెడితే తనకు కొత్త కుర్చీ వస్తుందన్న ఆలోచన కలిగింది.

అడవి అతిథిగృహంలో దిగిన పట్నంవాళ్ల ఫోనులో అదొక వింత విని ఉంది. నిద్రపట్టించే చప్పుళ్ల యాప్ అట. అందులో చప్పుళ్లకు రంగులట. జలపాతంలా హోరెత్తితే తెలుపు, ఆకుల మీద వానలా మెత్తగా ఉంటే గులాబి, దూరపు ఉరుములా అడుగున మోగితే గోధుమ. ఆ చప్పుడు పెట్టుకుంటే మిగతా చప్పుళ్లన్నీ దాని కింద మునిగిపోతాయట.

రాజుగారిని ఒప్పించి, ఈ చప్పుళ్లు పరీక్షించేదాకా తీతువుకు గడువిప్పించి, శాఖకు మంత్రి తానేనని, రంగుల వ్యవహారం కనక అధ్యక్షుడు ఊసరవెల్లి అని నక్క ప్రకటించింది. దానికి చెవులే లేవు కదా అని కుందేలు గొణిగింది.

"రంగు చూడ్డానికి చెవులెందుకయ్యా?" అంది నక్క. సభ చప్పట్లు కొట్టింది.

మొదట తెలుపు. ఏనుగులు తొండాలతో నీళ్లు చిమ్మాయి. రాజు తడిసి లేచాడు. తర్వాత గులాబి. కోతులు కొమ్మలు ఊపాయి. నెత్తిన వెలక్కాయ పడి లేచాడు. ప్రతిసారీ ఊసరవెల్లి తాను ఆ రంగులోకి మారి చూసుకుని, రంగులో లోపం లేదని తేల్చింది.

"రేపు గోధుమ. అదీ పారకపోతే నువ్వు మూట సర్దుకో అమ్మాయ్," అంది నక్క తీతువుతో.

మర్నాడు ఎలుగుబంట్లు గుహ చుట్టూ చేరి గొంతు లోపలే మూలగడం మొదలుపెట్టాయి. ఎంత కమ్మగా మూలిగాయంటే, ఏనుగులు నిద్రపోయాయి, కోతులు కొమ్మ మీదే తూలాయి, నక్క కునికింది, చివరికి మూలిగేవాళ్లు కూడా పడుకున్నారు. మేలుకుని ఉన్నది గుడ్ల మీది తల్లి ఒక్కతే.

అప్పుడు గుర్రుమని గురక లేచింది. దాంతోపాటు రాజూ లేచాడు. చూస్తే అడవంతా నిద్ర.

"మేలుకున్నది నువ్వొక్కదానివే. చప్పుడు నీదేగా?"

నిజం చెబితే తాను రాజుకు ఫలహారం, తలూపితే దేశాంతరం. తీతువు గుడ్ల వంక చూసుకుంది. స్వామిని తలుచుకుంది.

"తమదే ప్రభూ. అది బంగారు రంగు చప్పుడు. మహారాజుల ముక్కులోంచి తప్ప రాదు."

సింహం జూలు సవరించుకుంది. "బాగుంటుందా?"

"గుడ్లలో పిల్లలు కూడా కదులుతున్నాయి ప్రభూ."

తీతువు అక్కడే ఉండిపోయింది. పిల్లలూ చక్కగా బయటపడ్డాయి. రాజు ఇప్పుడు గురకకు మెలకువ వచ్చినా, మురిసిపోయి అటు తిరిగి పడుకుంటున్నాడు. అయితే కొత్త ఆజ్ఞ ఒకటి వచ్చింది. రోజూ మధ్యాహ్నం అందరూ గుహ ముందు చేరి, రెప్ప వాల్చకుండా ఆ బంగారం వినాలి. ముందు వరసలో నక్క, కళ్లు ఎర్రగా. దాని పక్కనే, బంగారు రంగు కనిపెట్టినందుకు సన్మానం పొందిన ఊసరవెల్లి, హాయిగా. దానికెలాగూ వినపడదు కదా!

కాబట్టి నాయనా, పెద్దలకు నిజమే చెప్పాలి. కాకపోతే ముందు దానికి రెండు పూతలు బంగారు రంగు వేసి, ఆరనిచ్చి చెప్పాలి.