వదిన చెయ్యి ఆడుతోందిగా!

మెదడులో గడ్డ వస్తే ఇంటికి ఎంత నిశ్చింతో మీకు తెలుసా? కళ్లెర్రజేయకండి. సాక్ష్యంతోనే మాట్లాడుతున్నాను!

మా వదిన బట్టలు కుడుతుంది. ఆమె తలలో గడ్డ సరిగ్గా కుడిచేతిని ఆడించే చోటే బైఠాయించింది. స్కానింగులో పడుకోబెట్టి, వేళ్లు ఒక్కొక్కటే బొటనవేలికి తాకించమన్నారు. తాకించింది.

డాక్టరమ్మ తెర మీద చూపించింది. "అసలు చోటు పని మానేస్తోంది. పక్క భాగం ఆ పని ఎత్తుకుంది. అందుకే చెయ్యి ఆడుతోంది. ఎన్నాళ్లు ఆడుతుందో చెప్పలేం. ఆపరేషన్ ఈ నెలలోనే చేయించండి."

చూశారా ఆ మర్యాద! మీటింగ్ లేదు, సర్క్యులర్ లేదు, "అది నా సీటు పని కాదండీ" అన్న మాటే లేదు. పక్క సీటాయన సెలవు పెడితే మీ ఫైలు ఎప్పుడైనా ఇలా కదిలిందా?

మేం మాత్రం డాక్టరమ్మ చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాం: చెయ్యి ఆడుతోంది!

"ఆడుతోందిగా, తొందరేముంది? ఆ స్కూలు యూనిఫారాలు అయ్యాక చూద్దాం" అన్నాడు అన్నయ్య, గుండీ ఊడిన చొక్కా ఆమె ఒళ్లో పడేస్తూ. "ఊరికే కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతుందే" అంటూ అమ్మ దిండు గలీబులు తెచ్చింది. నేనా? "వ్యాయామం వదినా!" అని నా జాకెట్టు చేతులు బిగించమన్నాను. ఇంత శ్రద్ధ ఏ ఫిజియోథెరపిస్టు చూపిస్తాడు చెప్పండి!

ఇలా ఆపరేషన్ తేదీ రెండుసార్లు వాయిదా పడింది.

నిన్న ఆమె చేతిలోంచి కత్తెర జారింది. మేం చూడలేదనుకుని ఎడమచేత్తో తీసుకుంది.

"తేదీ తీసుకుందాం వదినా" అన్నాను.

"నేను వెళ్లి పడుకుంటాను సరే, మిషన్ మీద ఎవరు కూర్చుంటారు?" అంది.

అన్నయ్య ఫ్యాను వంక చూశాడు. అమ్మకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఆమె తలలో ఆ మెత్తటి మెదడు ముద్దకు కళ్లు లేవు, చేతులు లేవు. ఎవరూ బతిమాలకుండానే పక్కవారి పని నేర్చుకుంది. మా ముగ్గురికీ కలిపి ఆరు చేతులు!

అంచేత డాక్టరమ్మకు నేనే ఫోన్ చేశాను. బుధవారం ఇచ్చింది. ప్రస్తుతం మిషన్ ముందు కూర్చున్నాను.

"అమ్మాయ్, అది కాలరా, కొండదారా?" అంటోంది వదిన పక్కనుంచి.

విప్పి మళ్లీ కుడతాను. ఎన్నిసార్లయినా కుడతాను. బుధవారం మాత్రం వాయిదా పడదు!