రేడాన్ లాంటి చుట్టం దొరకాలంటే పెట్టిపుట్టాలి!

ఇంట్లో రేడాన్ వాయువు చేరిందని బెంబేలెత్తేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అంతకంటే మర్యాదగల చుట్టం ఎక్కడ దొరుకుతాడండీ?

మా బావమరిది వస్తే ముందు సెంటు వాసన వస్తుంది, మనిషి తరవాత! రేడాన్‌కి రంగు లేదు, వాసన లేదు. నేలలో పుట్టి, పునాది బీటల్లోంచి చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. కాఫీ అడగదు. టీవీ రిమోట్ ముట్టుకోదు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చంటారు, నిజమే. కానీ అన్నేళ్ళు ఓపిక పట్టే గుణం ఈ రోజుల్లో ఎవరికుంది?

మా ఇంటి కింది గది సగం భూమిలోనే ఉంటుంది. బట్టలు కుట్టే ఒకమ్మాయి, బడికెళ్ళే కూతురితో అందులో అద్దెకుంటోంది. తల్లి పగలంతా మిషన్ మీద, పిల్ల రాత్రంతా ఆ మిషన్ పక్కన చాప మీద.

అద్దె గదులకు రేడాన్ పరీక్ష తప్పదంటూ ఒక ఇంజినీరు వచ్చి, వాయువును కొలిచే డబ్బా ఒకటి అక్కడ పెట్టాడు. "తలుపులూ కిటికీలూ మూసే ఉంచండి సార్, గాలాడితే లెక్క తగ్గిపోతుంది. లెక్క ఎక్కువొస్తే నేల కింద గొట్టం వేసి, ఫ్యాను పెట్టి బయటికి పంపెయ్యొచ్చు," అన్నాడు.

ఇంటికొచ్చిన అతిథిని ఫ్యాను పెట్టి గెంటడమా! పైగా మూసిన గదిలో ఆ డబ్బాకి ఉక్కపోయదూ? మనసున్నవాణ్ణి కనక దాన్ని మేడమీద మా పడగ్గది కిటికీలో పెట్టాను. హాయిగా గాలి పీల్చుకుని బ్రహ్మాండమైన రిపోర్టిచ్చింది!

మా ఆవిడకి మాత్రం నా మంచితనం గిట్టదు.

"డబ్బా మేడెక్కిందేం?" అంది.

"గాలిమార్పుకి."

"అయితే మనమూ మారదాం. వాళ్ళని పైకి రమ్మని మనం కిందికి దిగుదాం. అంత మంచి చుట్టమైతే మనమే చూసుకోవచ్చుగా!"

"ఛ! పసిపిల్ల నోటి దగ్గర అదృష్టం లాక్కోమంటావా?" అన్నాను. అప్పట్నుంచీ ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మీరే చెప్పండి, త్యాగానికి ఈ లోకంలో విలువుందా?

ఆ కుట్టుపని అమ్మాయికే నయం, కృతజ్ఞత తెలుసు. నిన్న మెట్ల కింద నిలబడి చేతులు జోడించింది.

"రిపోర్టు మంచిగా వచ్చిందటగా బాబాయ్! నా గుండెలమీద బరువు దిగిపోయింది. పాపకి చలేస్తోంది, ఇంక కిటికీ మూసే ఉంచుతా. మీరూ ఒకసారి లోపలికొచ్చి కూర్చోండి."

"మూసెయ్యమ్మా," అన్నాను, పై మెట్టు దిగకుండానే.